కీళ్ల దగ్గరే పనితనం

తుఫాను కాలంలో మన పత్రికల్లో తప్పకుండా కనిపించే వాక్యం ఒకటుంది: మచిలీపట్నం రేవులో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు. ఒకటి నుంచి పదకొండు దాకా ఉండే ఈ అంకెలు బ్రిటిష్ వాళ్ల కాలంలో ఓడల కోసం పుట్టాయి. ఎనిమిది అంటే పెనుతుఫాను రేవును తన ఎడమ పక్కన ఉంచి తీరం దాటుతుందని, తొమ్మిది అంటే కుడి పక్కన ఉంచి దాటుతుందని, పది అంటే రేవు మీదుగానో దానికి బాగా దగ్గరగానో వస్తుందని. పదకొండోది చిత్రమైనది. హెచ్చరికల కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక మీరే చూసుకోండి అని దాని అర్థం. లంగరు వేసిన ఓడ కెప్టెన్‌కు ఇంతకంటే పొదుపైన భాష అక్కర్లేదు.

అదే సముద్రానికి పై అంచున, బంగ్లాదేశ్‌లోని చట్టోగ్రామ్, మోంగ్లా రేవుల్లోనూ ఈ అంకెల వరసే నడుస్తుంది. కానీ మేఘనా నది సముద్రంలో కలిసేచోట, నిన్నమొన్న పైకి తేలిన ఒండ్రు దిబ్బ మీద గుడిసె వేసుకున్న రైతుకు ‘రేవును ఎడమ పక్కన ఉంచి’ అంటే ఏం తెలుస్తుంది? 1970 నవంబరు 12 రాత్రి భోలా తుఫాను విరుచుకుపడే నాటికి, అది వస్తున్న సంగతి వాతావరణ శాఖకు తెలుసు. రేడియోలోనూ చెప్పారు. అయినా 3 లక్షల నుంచి 5 లక్షల మంది పోయారని అంచనా. 1991 ఏప్రిల్ 29 నాటి తుఫానులో సుమారు 1,38,000 మంది పోయారు. 2007 నవంబరులో సిదర్ వచ్చినప్పుడు మృతులు సుమారు 3,400. 2020 మే నెలలో అంఫన్ బంగ్లాదేశ్‌లో తీసుకున్న ప్రాణాలు రెండు డజన్లకు కాస్త అటూ ఇటూ.

ఈ నాలుగూ ఒకే తీవ్రత ఉన్న తుఫాన్లు కావు, ఒకేచోట తీరం దాటినవీ కావు. కాబట్టి అంకెకు అంకె పెట్టి పోల్చడం న్యాయం కాదు. అయినా ఒకపక్క తీరంలో జనాభా పెరుగుతుంటే మరణాలు ఇంతగా తగ్గాయంటే, వెనక యాభై ఏళ్ల పని ఉంది. 2009లో బంగ్లాదేశ్ ఖరారు చేసిన ‘వాతావరణ మార్పు వ్యూహం, కార్యాచరణ ప్రణాళిక’ ఆ పని మీదే లేచింది. తిండి భద్రత, సామాజిక రక్షణ, ఆరోగ్యం ఒక స్తంభం, విపత్తుల నిర్వహణ ఒకటి, కట్టడాలు ఒకటి, పరిశోధన, ఉద్గారాల తగ్గింపు, సంస్థల బలోపేతం మిగతా మూడు. మొత్తం ఆరు స్తంభాలు, వాటి కింద 44 కార్యక్రమాలు. పైపైన చదివితే ఏ సర్కారీ పత్రంలాగైనా నీరసంగానే ఉంటుంది. దీన్ని వడ్రంగి తలుపును చూసినట్టు చూడాలి. అతని కళ్లు ముందు చెక్క మీదికి పోవు, కీళ్ల మీదికి పోతాయి. ఏ భాగం ఏ భాగంతో ఎక్కడ కలిసింది, అక్కడ బరువు దేనిమీద పడుతోంది అని చూస్తాడు. అలా చూస్తే ఈ ప్రణాళికలో భాగాలు చాలావరకు పాతవేననీ, బుర్ర పెట్టిందంతా వాటిని కలపడంలోననీ అర్థమవుతుంది.

మొదటి కీలు రేవులోని సూచికకూ దిబ్బ మీది గుడిసెకూ మధ్యది. 1972లో, దేశం పుట్టిన కొద్ది నెలలకే, రెడ్ క్రాస్ చేయూతతో తుఫాను సన్నద్ధత కార్యక్రమం మొదలైంది. మరుసటి ఏడాది ప్రభుత్వం అందులో భాగస్వామి అయింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా అది రెడ్ క్రెసెంట్, ప్రభుత్వం కలిసి నడిపే పని. దీని అడుగు మెట్టు పేరు యూనిట్. రెండు మూడు వేల జనాభాకు ఒక యూనిట్. అందులో ఊరివాళ్లే ఐదు పనులు పంచుకుంటారు: హెచ్చరించడం, జనాన్ని ఆశ్రయానికి చేర్చడం, చిక్కుకున్నవాళ్లను బయటికి తేవడం, ప్రథమ చికిత్స, తుఫాను తర్వాతి సాయం. హెచ్చరించేవాళ్ల చేతిలో మెగాఫోను, తిప్పితే మోగే సైరను, బ్యాటరీ రేడియో, టార్చి, జెండాలు ఉంటాయి. జెండా ఎర్రది, మధ్యలో నల్ల చదరం. ప్రమాదం పెరిగేకొద్దీ ఒకటి, తర్వాత రెండు, తర్వాత మూడు ఎగరేస్తారు. ఓడలకు పదకొండు మెట్లున్న భాషను ఊరికి మూడు మెట్లు చేశారన్నమాట. చదువు రానివాళ్లకూ, చెవులు సరిగా వినపడనివాళ్లకూ మూడు జెండాలంటే ఇల్లు వదలమని అర్థమవుతుంది.

వార్త నడిచే దారి కూడా శ్రద్ధగా వేసిందే. ఢాకా వాతావరణ శాఖ నుంచి కార్యక్రమం ప్రధాన కార్యాలయానికి, అక్కడి నుంచి వైర్‌లెస్ మీద తీరంలోని ఉపజిల్లాలకు (మన మండలాల్లాంటివి), అక్కడి నుంచి యూనియన్లకు (పంచాయతీల్లాంటివి), యూనిట్ నాయకుడికి, చివరికి గడప గడపకూ. మధ్యలో ఒక లంకె తెగినా బ్యాటరీ రేడియో ఉంటుంది. అదీ మూగబోతే చివరి మెట్టు మనిషి ఎలాగూ ఊళ్లోనే ఉంటాడు, ఎక్కడి నుంచో రావాల్సిన పని లేదు. మంచం పట్టిన ముసలమ్మ ఏ ఇంట్లో ఉందో, నెలలు నిండిన అమ్మాయి ఎవరో అతనికి కాగితం చూడకుండా తెలుసు. జీతం లేదు. ఇది పేదరికం వల్ల చేసిన ఏర్పాటుగా కనిపిస్తుంది గానీ లోతైన ఆలోచనే: జీతం మీద ఆధారపడిన వ్యవస్థ బడ్జెట్ ఆగిన ఏడాది ఆగిపోతుంది, తుఫాను ఆ ఏడాదే రావచ్చు. ఇప్పుడు తీరంలో ఇలాంటి స్వచ్ఛంద కార్యకర్తలు 76 వేల మంది పైనే ఉన్నారు. వాళ్లలో సగం మంది ఆడవాళ్లు.

ఆ ‘సగం’ కూడా ఒక దిద్దుబాటే. 1991లో పోయినవాళ్లలో మగవాళ్ల కంటే ఆడవాళ్లు చాలా ఎక్కువ. మగవాళ్లతో కలిసి ఒకే గదిలో రాత్రంతా ఉండాలంటే సంకోచించినవాళ్లున్నారు, ఇంటాయన వచ్చి కదలమనేదాకా ఆగినవాళ్లున్నారు, చంకలో పిల్లతో, కాళ్లకు చుట్టుకునే చీరతో నీళ్లలో నడవలేకపోయినవాళ్లున్నారు. మగ కార్యకర్త గుమ్మం బయట నిలబడి మెగాఫోనులో ఎంత అరిచినా ఈ మూడింటిలో ఏ ఒక్కటీ తీరదు. ఇంట్లోకి నడిచి వచ్చి, పిల్లను తాను ఎత్తుకుని, ‘పద వదినా’ అనే మనిషి కావాలి.

ఎక్కడికి పద? ఇది రెండో కీలు. తుఫాను ఆశ్రయం చూడటానికి కాళ్ల మీద నిలబడ్డ బడిలా ఉంటుంది. కింద గోడలుండవు, కాంక్రీటు స్తంభాలే. ఉప్పెన వచ్చినప్పుడు నీరు స్తంభాల మధ్య నుంచి దూసుకుపోతుంది. గోడ కడితే నీటి బరువంతా దానిమీద పడి పునాదినే కదిలిస్తుంది. పై అంతస్తు ఎంత ఎత్తున ఉండాలన్నది ఆ చోట రాగల ఉప్పెన ఎత్తును బట్టి, దాని మీద లేచే అలను కూడా కలుపుకొని లెక్క కడతారు. అందుకే తీరమంతా ఒకే నమూనా పనికిరాదు. 1991 తర్వాత ఢాకా ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జమీలుర్ రెజా చౌదరి సారథ్యంలోని బృందం, ఆశ్రయాలు ఎక్కడెక్కడ ఎలా ఉండాలో ఒక బృహత్ ప్రణాళిక తయారుచేసింది. అందులోని అసలు తెలివి ఇంజనీరింగ్ లెక్కకు అవతల ఉంది. పదేళ్లకోసారి అక్కరకొచ్చే భవనం పదేళ్లూ పాడుబడుతుంది. తలుపులు మాయమవుతాయి, చూరు కింద గబ్బిలాలు చేరతాయి, కావలసిన రాత్రి తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. అందుకని దాన్ని బడిగా కట్టారు. బడికి హెడ్మాస్టరుంటాడు, తాళంచెవి ఉంటుంది, ఏటా సున్నం వేయించాలని గొడవ పెట్టే తల్లిదండ్రులుంటారు. అన్నింటికీ మించి, రోజూ ఆ దారిన నడిచే పిల్లలకు చీకట్లో కూడా దారి తెలుసు.

తర్వాతి తరం ఆశ్రయాల్లో ఆడవాళ్లకు వేరే గదులు, మరుగుదొడ్లు, వాననీటి తొట్లు, పశువులు ఎక్కేందుకు వాలుబాట చేరాయి. పశువుల సంగతి తేలిగ్గా తీసేయదగ్గది కాదు. రైతుకున్న ఆస్తంతా ఒక ఆవు అయినప్పుడు దాన్ని వదిలి రమ్మంటే రాడు. 1970ల్లోనే దీన్ని గ్రహించి ముజీబ్ కిల్లాలు అనే ఎత్తయిన మట్టి దిబ్బలు పోశారు. పశువును దిబ్బ ఎక్కిస్తే మనిషి మేడ ఎక్కుతాడు. అంఫన్ నాడు దాదాపు 24 లక్షల మందిని తరలించారు. అది కరోనా కాలం కూడా. ఒక్కో ఆశ్రయంలో జనాన్ని పలచగా ఉంచడానికి మామూలు బడులూ కళాశాలలూ తెరిచి, ఆశ్రయాల సంఖ్యను 12 వేలు దాటించారు. రెండు విపత్తులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడిన ఆ రాత్రే పాత ఏర్పాటుకు అసలైన పరీక్ష, అది నిలిచింది.

మూడో కీలు నీటికీ మట్టికీ మధ్యది. నాకు అన్నింటికంటే ఆశ్చర్యం కలిగించేదీ, మొదట తప్పుగా వేసి తర్వాత ఊడదీసి మళ్లీ వేసుకున్నదీ ఇదే. గంగ, బ్రహ్మపుత్ర, మేఘన కలిసి ఏటా సుమారు 100 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొస్తాయి. ఈ డెల్టా నేల సహజంగా కుంగుతూ ఉంటుంది. ప్రతి పోటుకూ నీటితో వచ్చి పరుచుకునే ఒండ్రు ఆ కుంగుబాటును పూడుస్తూ ఉంటుంది. జమీందారీ కాలంలో రైతులు దీనికి తగ్గట్టే ఉండేవారు. ఎండాకాలంలో ఉప్పునీరు రాకుండా చిన్న మట్టికట్టలు వేసుకునేవారు, వానాకాలంలో నది నీరు తియ్యబడ్డాక వాటిని వదిలేసి ఒండ్రును లోపలికి రానిచ్చేవారు. ఎనిమిది నెలల కట్టలు కనుక వాటిని అష్టమాసి బాంధ్ అనేవారు. 1960ల్లో విదేశీ సాయంతో, డచ్ తరహాలో శాశ్వతమైన కరకట్టలు వచ్చాయి. కట్టతో చుట్టేసిన ప్రాంతాన్ని పోల్డర్ అంటారు, ఇప్పుడు అలాంటివి 139. మొదటి ఇరవై ఏళ్లు పంటలు బ్రహ్మాండంగా పండాయి.

లోపలికి పోలేని ఒండ్రు మాత్రం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. అది నది అడుగున చేరింది. నది మెరక అవుతూ వచ్చింది, కట్ట లోపలి నేల కుంగుతూ వచ్చింది. కొన్నాళ్లకు నది పైన, పొలం కింద అయ్యాయి. తూములు పూడుకుపోయి వాననీరు బయటికి పోవడం మానేసింది. సుందర్‌బన్స్ పక్కన ఉన్న 32వ నంబరు పోల్డర్ లోపలి నేల, కట్టలు లేని అడవి నేలకంటే మీటరు నుంచి మీటరున్నర దాకా దిగువకు పోయిందని కొలిచి చూసిన పరిశోధకులు తేల్చారు. 2009లో ఐలా తుఫాను ఆ కట్టను తెంచినప్పుడు ఉప్పునీరు ఏడాదికి పైగా లోపలే ఆటుపోట్లాడింది. జనం కట్టల మీద గుడారాలు వేసుకున్నారు. అదే కాలంలో, అదే నీటితో పదుల సెంటీమీటర్ల కొత్త మట్టి కూడా లోపల పేరుకుంది.

దీనికి విరుగుడు ఏ ఇంజనీరు బల్ల మీదా పుట్టలేదు. ఖుల్నా, జశోర్ జిల్లాల్లో పల్లపు చిత్తడి నేలలను బీల్ అంటారు. 1990లో బీల్ డకాతియా రైతులు ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు చూసి విసిగి, సర్కారీ కరకట్టను తామే నాలుగుచోట్ల తెగ్గొట్టారు. 1997 అక్టోబరులో బీల్ భైనాలో మళ్లీ అదే చేశారు. అప్పుడు జరిగింది చూడండి. పోటు వచ్చినప్పుడు హరి నది నీరు ఒండ్రుతో సహా గండిలోంచి బీల్‌లోకి వచ్చింది. వెడల్పాటి చోట పరుచుకునేసరికి దాని వేగం తగ్గింది. వేగం తగ్గిన నీరు మట్టిని మోయలేదు కనుక ఒండ్రు బీల్‌లోనే దిగింది. ఆటు తీసినప్పుడు బయటికి వచ్చింది తేరిన నీరు. బీల్‌లో నిలిచినదంతా ఒక్కసారి గండిలోంచి దూకడంతో దానికి ఊపు ఉంది, మోయడానికి ఒండ్రు లేదు. అలాంటి నీరు దారిలో దొరికిన మట్టిని ఎత్తుకుపోతుంది. నది అడుగున పేరుకున్న పూడిక అలా కోసుకుపోయింది. రోజుకు రెండుసార్లు, ఏ డ్రెడ్జరూ డీజిలూ లేకుండా, పొలం ఎత్తు పెరిగింది, నది లోతు పెరిగింది. నాలుగేళ్లలో సుమారు 600 హెక్టార్ల బీల్‌లో గండి దగ్గర నేల మీటరుకు పైగా లేచింది.

అధికారులు మొదట దీన్ని నేరంగా చూశారు. అదే ప్రాంతంలో ఆసియా అభివృద్ధి బ్యాంకు అప్పుతో నడుస్తున్న, నిలిచిన నీటిని బయటికి పంపే పథకం పెద్ద రెగ్యులేటర్లు కట్టాలన్న పట్టుదల మీద ఉంది. కానీ కొలతలు తీసిన నిపుణులు, రైతుల పద్ధతి పనిచేస్తోందని రాశారు. చివరికి పథకం దాన్ని తనలో కలుపుకొని, పోటు నది నిర్వహణ అని పేరు పెట్టింది. పేరుతో పాటు క్రమమూ వచ్చింది. ముందు ఒక బీల్‌ను ఎంచుకుంటారు. ఊళ్లు మునగకుండా దాని చుట్టూ కట్ట వేస్తారు. నదికీ దానికీ మధ్య కాలువ తవ్వి కరకట్టను కోస్తారు. మూడు నాలుగేళ్లు పోటును ఆడనిస్తారు. నేల లేచాక గండి పూడ్చి సాగుకు ఇచ్చేసి, పక్క బీల్‌కు వెళతారు. ఏదో ఒక బీల్ ఎప్పుడూ తెరిచి ఉండాలి, లేకపోతే నది మళ్లీ పూడుతుంది. అంటే కాలువ కింద రైతులు నీటికి వంతులు వేసుకున్నట్టు ఇక్కడ మట్టికి వంతులు.

పని తీరు ఇంత అందంగా ఉన్నా అమలు అంత సాఫీగా లేదు. ఒండ్రు గండి దగ్గరే ఎక్కువ దిగుతుంది, దూరపు మూల పల్లంగానే ఉండిపోతుంది. కాబట్టి బీల్‌ను అరలుగా విడగొట్టి ఒక్కోదాన్ని నింపాలి. అంతకంటే కష్టమైనది పరిహారం. మూడు నాలుగేళ్లు పంట పోయే భూస్వామికి డబ్బు రావాలంటే పట్టా కాగితాలు కావాలి. ఆ కాగితాలు తాతల పేరు మీద ఉంటాయి. కౌలు రైతుకు, కూలీకి కాగితమే ఉండదు. పరిహారం అందని చోట జనం కట్ట కోయనివ్వలేదు, కొన్నిచోట్ల కొట్లాటలూ జరిగాయి. నీటికీ మట్టికీ మధ్య కీలు కుదిరింది గానీ, మట్టికీ మనిషికీ మధ్యది ఇంకా కిర్రుమంటూనే ఉంది.

తర్వాతి కీలు విత్తనానిది. అక్కడ మనవాళ్లకు ఒక పాత చుట్టం ఎదురవుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన ఎంటీయూ 7029, అంటే స్వర్ణ, తూర్పు భారతమంతా పాకి సరిహద్దు దాటింది. దిగుబడి, గింజ, ఎరువుల ఖర్చు అన్నీ రైతుకు నచ్చిన వంగడం. లోపం ఒక్కటే: వారం రోజులకు పైగా మునిగితే కుళ్లిపోతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్‌ఆర్ 13ఏ అనే పాత దేశవాళీ రకం మాత్రం రెండు వారాలు నీళ్లలో ఉన్నా బతుకుతుంది. దాని గుట్టు సబ్1 అనే జన్యు ప్రాంతంలో ఉంది. మామూలు వరి మునగగానే కంగారుపడి పొడవు పెరిగి తలెత్తాలని చూస్తుంది, ఉన్న పిండిపదార్థమంతా ఆ పెరుగుదలకే ఖర్చు చేసుకుని నీరు తీసేసరికి వాలిపోతుంది. సబ్1 ఉన్న మొక్క పెరుగుదలను ఆపేసుకుంటుంది, శక్తిని దాచుకుని నీరు పోయాక చిగురేస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ ఒక్క గుణాన్ని, జన్యు గుర్తులను చూసుకుంటూ తరం వెంట తరం సంకరం చేసి, స్వర్ణలోకి తెచ్చారు. మిగతా స్వర్ణను కదపలేదు. బంగ్లాదేశ్ 2010లో దాన్ని బ్రి ధాన్ 51 పేరుతో విడుదల చేసింది. ఉప్పు నేలల కోసం బ్రి ధాన్ 47 అంతకుముందే వచ్చింది. రైతుకు అలవాటైన వంగడంలోనే కొత్త గుణాన్ని దింపడం వల్ల, విత్తనం కొత్తదైనా సాగు కొత్తది కానక్కర్లేదు.

ఇక డబ్బు. ఇలాంటి ప్రణాళికలు చాలా దేశాల్లో రాసినచోటే ఆగిపోయేది ఇక్కడే. దాతలు వచ్చేదాకా ఆగుదాం అనుకోకుండా బంగ్లాదేశ్ తన సొంత బడ్జెట్ నుంచి నిధి పెట్టింది. 2010లో దానికి చట్టం చేసింది. మొదటి మూడేళ్లు ఏటా 700 కోట్ల టాకాలు ఇచ్చింది. చట్టంలో ఒక ముచ్చటైన లెక్క ఉంది: వచ్చిన దానిలో 66 శాతమే పథకాలకు, మిగిలిన 34 శాతం బ్యాంకులో డిపాజిట్. అత్యవసరానికీ, బడ్జెట్ తగ్గిన ఏళ్లకూ ఆ వడ్డీ ఆసరా అవుతుందని. పల్లెటూరి గృహిణికైనా నచ్చే ఏర్పాటు. అయితే ఆ డిపాజిట్లలో 500 కోట్ల టాకాలకు పైగా ఒక ప్రైవేటు బ్యాంకులో ఇరుక్కుపోయి ఏళ్ల తరబడి తిరిగి రాలేదు. డిపాజిట్ చేయాలని చట్టం చెప్పింది గానీ, అది చేసేవాళ్ల చేతులకు తగినంత కట్టుబాటు ఉండాల్సింది.

దానికంటే నిశ్శబ్దంగా, దానికంటే గట్టిగా చేసిన పని ఆర్థిక శాఖ లెక్కల పుస్తకాల్లో జరిగింది. ఒక దేశం వాతావరణ మార్పు కోసం ఎంత ఖర్చు పెడుతోంది? ప్రత్యేక నిధిని చూస్తే చాలా తక్కువ. కానీ అసలు ఖర్చు జలవనరులు, వ్యవసాయం, స్థానిక పాలన, విపత్తుల శాఖల పద్దుల్లో చెల్లాచెదురుగా ఉంది. తుఫాను ఆశ్రయంగా పనికొచ్చే బడి ఖర్చు విద్యదా, వాతావరణానిదా? 2014లో తెచ్చిన వాతావరణ ఆర్థిక చట్రం దీనికి ఒక దారి చూపింది. ప్రతి పథకాన్నీ 2009 ప్రణాళికలోని కార్యక్రమాలతో సరిచూసి, దానికి వాతావరణంతో ఎంత సంబంధం ఉందో శాతంగా తూకం కట్టి, బడ్జెట్ కంప్యూటర్ వ్యవస్థలోనే ఆ గుర్తు వేస్తారు. ఖర్చులో ఆ వంతు మాత్రమే వాతావరణ ఖాతాలో పడుతుంది. 2017–18లో ఆరు మంత్రిత్వ శాఖలతో మొదలుపెట్టి ఏటా పార్లమెంటు ముందు వాతావరణ బడ్జెట్ నివేదిక పెట్టారు, రెండేళ్లలో అవి 25 శాఖలయ్యాయి. రోడ్డు పథకానికి ఉదారంగా శాతం వేసుకునే ప్రలోభం ఉండనే ఉంటుంది. కానీ శాతం అచ్చులో ఉంటే దాన్ని ప్రశ్నించవచ్చు. ప్రణాళికలోని కార్యక్రమానికీ గుమాస్తా తెర మీది కోడుకూ మధ్య వేసిన ఈ చిన్న కీలు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, మిగతావన్నీ దీనిమీదే వేలాడుతున్నాయి.

ఉద్గారాల తగ్గింపు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. ప్రపంచ ఉద్గారాల్లో బంగ్లాదేశ్ వాటా అర శాతం లోపే. 2030 నాటికి మామూలుగా పెరిగే దానిలో 6.73 శాతం సొంతంగా, సాయం అందితే మరో 15.12 శాతం తగ్గిస్తామని 2021లో చెప్పింది. కరెంటు లేని పల్లెల్లో 2003 నుంచి కిస్తీల మీద 40 లక్షలకు పైగా ఇళ్లకు సౌర ఫలకాలు అమర్చిన పథకం మాత్రం వేరే వ్యాసానికి సరిపడా కథ.

ఇవన్నీ ఒక చట్రంలోకి రావడం 2018 సెప్టెంబరులో ఆమోదం పొందిన డెల్టా ప్రణాళిక 2100తో జరిగింది. ప్రణాళికా సంఘంలోని సాధారణ ఆర్థిక విభాగం, నెదర్లాండ్స్ నిపుణుల సాయంతో తయారుచేసింది. ఎనభై ఏళ్ల ప్రణాళిక అనగానే ఎవరికైనా నవ్వొస్తుంది, ఐదేళ్ల ప్రణాళికలే సరిగా నడవని లోకం కదా ఇది. చేసినవాళ్లకూ ఆ సంగతి తెలుసు. అందుకే వాళ్లు భవిష్యత్తును ఒక్కటిగా ఊహించలేదు. నీటి పరిస్థితి ఎంత కఠినం కావచ్చు, ఆర్థిక వ్యవస్థ ఎంత వేగంగా పెరగవచ్చు అనే రెండు ప్రశ్నలను అడ్డంగా నిలువుగా పెట్టి, నాలుగు రకాల భవిష్యత్తులు గీశారు. ఇప్పుడు చేయాల్సిన పనుల్లో నాలుగింటిలోనూ పనికొచ్చేవాటిని ముందు పెట్టారు. ఒకదానిలో మాత్రమే పనికొచ్చి, మిగతావాటిలో మెడకు చుట్టుకునేవాటిని వెనక్కి నెట్టారు. సముద్రమట్టం, నది ప్రవాహం, ఉప్పు ఎంత పెరిగితే ఏ పనికి మారాలో చూసుకుంటూ, ఐదేళ్లకోసారి పత్రాన్నే తిరగరాయాలన్నది నియమం. తీరం, కరువు పీడిత బరింద్, ఈశాన్యపు హావర్ చిత్తడి నేలలు, చట్టోగ్రామ్ కొండలు, పెద్ద నదులు, నగరాలు: దేశాన్ని జిల్లాలుగా కాక ఆపద రకాన్ని బట్టి ఆరుగా పంచారు. 2030 వరకు చేయాల్సినవి 80 పథకాలు. వాటిలో 15 కట్టడాలు కానే కావు; సంస్థలకూ విజ్ఞానానికీ సంబంధించినవి.

ఈ చట్రం బయట ఒక పెద్ద బరువు మిగిలింది. మూడు నదుల పరీవాహక ప్రాంతంలో బంగ్లాదేశ్‌లో ఉన్నది పది శాతం లోపే. ఎండాకాలంలో గంగలో ఎంత నీరు వస్తుందన్నది ఫరక్కా దగ్గర తేలుతుంది. దానికి ఆధారం 1996లో భారతదేశంతో ముప్పై ఏళ్లకు చేసుకున్న ఒప్పందం. ఎగువ నుంచి తియ్యనీరు తగ్గితే ఖుల్నాలో ఉప్పు పెరుగుతుంది, ఇందాక చెప్పిన పోటు లెక్కలన్నీ మారతాయి. ఏ భవిష్యత్తు గీసుకున్నా ఈ గీత వాళ్ల చేతిలో లేదు.

డబ్బూ అంతే. 2022లో తెచ్చిన జాతీయ అనుసరణ ప్రణాళిక ఎనిమిది రంగాల్లో 113 పనులు లెక్కగట్టి, 2050 దాకా సుమారు 23,000 కోట్ల డాలర్లు కావాలని చెప్పింది. అందులో పెద్ద వాటా బయటి నుంచి రావాల్సిందే. ఢాకాలో పనిచేసిన శాస్త్రవేత్త సలీముల్ హక్, వాతావరణ మార్పుకు తాము కారణం కాకున్నా నష్టపోతున్న దేశాలకు నష్టపరిహారంగా ఒక నిధి ఉండాలని అంతర్జాతీయ వాతావరణ సభల్లో దశాబ్దాలపాటు పోరాడారు. 2023 అక్టోబరులో ఆయన పోయారు. మరుసటి నెలాఖరున దుబాయ్ సభ మొదటి రోజే ఆ నిధి అమల్లోకి వచ్చింది. ఆ సభలో దేశాలన్నీ కలిసి, ప్రపంచంలోని బాధిత దేశాలన్నింటికీ ఇస్తామన్నది సుమారు 70 కోట్ల డాలర్లు.